నూనె తాగిన వాల్యూమ్ కంట్రోల్

మీ చేతిలోని ఫోన్‌లో శబ్దం పెంచాలన్నా తగ్గించాలన్నా అద్దం మీద వేలితో రాస్తే చాలు. తిరిగే వస్తువు లేదు కాబట్టి అరిగే వస్తువూ లేదు. మా కాలంలో అలా కాదు. రేడియోకి ముందువైపు ఒక మీట ఉండేది. దాన్ని కుడికి తిప్పితే టక్కుమని ప్రాణం వచ్చేది, ఇంకా తిప్పితే గొంతు పెరిగేది. ఆ మీట వెనక దాగి ఉండే బిళ్ళంత వస్తువే వాల్యూమ్ కంట్రోల్. నా ఉద్యోగ జీవితంలో సగం ఆ బిళ్ళకే ధారపోశాను. మిగతా సగం బస్సుల కోసం ఎదురుచూడటంలో పోయింది.

డెబ్బయ్యో దశకం చివర్లో నేను ఆత్మకూరులో ఉండి పంచాయతీ రేడియోలు బాగుచేసేవాణ్ణి. పంచాయతీకి రేడియో ఏమిటని ఈ కాలం పిల్లలు అడుగుతారు. ఇంటింటికీ రేడియో లేని రోజులవి. పంచాయతీ ఆఫీసు గోడకి ఒక చెక్కపెట్టె, దాన్లో సర్కారు వారి రేడియో, పెట్టెకి తాళం, బయట చూరు కింద ఒక లౌడ్‌స్పీకర్ బాకా. సాయంత్రం తాళం తీసి రేడియో పెడితే అరుగు మీద చేరిన జనమంతా వార్తలు, వ్యవసాయం కబుర్లు, పాటలు వినేవాళ్ళు. ఏ స్టేషన్ రావాలో మేమే కట్టి సీలు వేసేవాళ్ళం. ఇక ఊళ్ళోవాళ్ళు తిప్పడానికి మిగిలింది ఆ ఒక్క మీటే. ఊరంతటికీ ఒకే మీట ఉంటే దాని గతి ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

పెట్టె తాళంచెవి ఉన్న మనిషిని ఆపరేటర్ అనేవాళ్ళం. అది జీతం రాళ్ళ కోసం చేసే పని కాదు. కానీ ఆ తాళంచెవి మొలతాటికి కట్టుకున్నవాడి నడకే వేరుగా ఉండేది.

వాల్యూమ్ కంట్రోల్ లోపల గుర్రపు లాడం ఆకారంలో నల్లటి కార్బన్ పట్టీ ఉంటుంది. మీట తిప్పినప్పుడు సన్నటి ఇత్తడి రేకు ఒకటి దాని మీద జారుతుంది. పట్టీ మీద దుమ్ము పడితే గరగర. పట్టీ అరిగితే ఒకచోట పాట మాయమై, వెంట్రుకవాసి జరపగానే చెవులు చిల్లులు పడేట్టు అరుపు. దుమ్మయితే స్పిరిట్ పెట్టి తుడిచేవాళ్ళం. అరుగుడయితే కొత్తది వెయ్యాలి. కొత్తది లేనప్పుడు మెత్తటి పెన్సిల్‌తో పట్టీ మీద రుద్దే చిట్కా ఒకటి ఉండేది. ఆ వైద్యం మనం తిరుగు బస్సెక్కేదాకా చక్కగా పనిచేస్తుంది.

నాకు పని నేర్పింది మా ఆఫీసులోనే ఉన్న ఒక సీనియర్ మెకానిక్. నేను ఆయన్ని గురువుగారనేవాణ్ణి, ఆయన నన్ను రేయ్ అనేవాడు. దవడన ఆకువక్క లేకుండా ఆయన ఏనాడూ సోల్డరింగ్ ఐరన్ పట్టుకోలేదు. “చెడిపోయినదాన్ని మార్చేది ఎవుడైనా చేస్తాడురా. ఎందుకు చెడిపోయినాదో అడిగేవాడే మెకానిక్కు” అని రోజుకోసారి అనేవాడు. ఎండాకాలం మధ్యాహ్నాల్లో మాత్రం ఆయన కూడా ఏమీ అడగకుండా మార్చి పారేసేవాడు. గురువులంటే అంతే.

ఇక అసలు సంగతికి వస్తాను. ఉదయగిరికి ఇవతల, రోడ్డు దిగి కొంత దూరం నడిస్తే వచ్చే పల్లె ఒకటి నా కింద ఉండేది. అక్కడి ఆపరేటర్ ఒక ముసలి సాయిబు. ఉదయగిరిలో కొయ్యతో గరిటెలు, చెంచాలు చెక్కే ఇంట్లో పుట్టి, పెళ్ళి చేసుకుని భార్య ఊరికి వచ్చి స్థిరపడ్డ మనిషి. ఆమె పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. ఊళ్ళో హిందువులూ తురకలూ అందరూ ఆయన్ని మామా అనేవాళ్ళు. నాకంటే బాగా పెద్దవాడు కాబట్టి నేను తాతా అనేవాణ్ణి. ఆయన చెక్కుడు పని మానేశాడు. ఎందుకు తాతా అని అడిగితే, “చేతులు వణకతా ఉండాయి నాయనా, ఉలి నిలవడంలా” అన్నాడు. అలా చెబుతూనే నిండు టీ గ్లాసు ఒక్క చుక్క తొణక్కుండా నా చేతికిచ్చాడు. నేను టీ తాగాను తప్ప ఆ చేతిని చూడలేదు.

అంత జాగ్రత్త ఉన్న ఆపరేటర్ నా సెక్షన్ మొత్తంలో ఇంకొకడు లేడు. పెట్టె మీద దుమ్ము ఉండేది కాదు. బాకాలో పిచ్చుక గూడు పెట్టనిచ్చేవాడు కాదు. వేళకి రేడియో పెట్టడం, వేళకి ఆపడం. ఎవరైనా చెయ్యి పెట్టబోతే, “సర్కారు వస్తువు, దూరం” అనేవాడు. అయినా సరే, ఆ ఊరి వాల్యూమ్ కంట్రోల్ బతికేది కాదు. కొత్తది వేసి వస్తానా, కొన్నాళ్ళకే మళ్ళీ ఫిర్యాదు. ఊడదీసి చూస్తే లోపల పట్టీ మీద నల్లటి జిగురు. కార్బన్ ఉబ్బి పొరలుగా లేచిపోయి ఉండేది.

“తాతా, దీన్లో ఏమన్నా పోసినావా?” అని అడిగాను.

“నేనెందుకు పోస్తాను నాయనా! కన్నబిడ్డ మాదిరి చూసుకుంటా ఉండా” అన్నాడు. ఆ గొంతులో అబద్ధం లేదు.

నేను నాకు తోచిన కారణాలన్నీ వరసగా అనుమానించాను. ముందు బల్లుల్ని. తరవాత గోడ చెమ్మని. ఆ తరవాత కంట్రోళ్ళు చేసిన ఫ్యాక్టరీని, వాళ్ళు ఇరుసుకి గ్రీజు ఎక్కువ పెట్టారేమోనని. చివరికి ఊళ్ళో ముసలాయనంటే గిట్టనివాడు ఎవడో ఉన్నాడనుకుని అందరి మొహాల్లోకీ పోలీసులా చూశాను. నా చూపు చూసి టీ కొట్టు నడిపే ఆమె, “ఏంది రేడియో అయ్యా, నీ జేబు ఎవురన్నా కొట్టేసినారా?” అని అడిగింది. ఆమె కొట్టు పంచాయతీ ఆఫీసుకి ఎదురుగానే ఉండేది. ఊరి వార్తలు రేడియో కంటే అక్కడే ముందు వచ్చేవి.

ఇంతలో మాకు కొత్త ఆఫీసర్ వచ్చాడు. నెల్లూరులో ఉంటాడు, చిన్నవాడు, చదువుకున్న ఇంజనీరు, మాట మెత్తన, లెక్క గట్టి. స్టోరు సామాను ఎక్కడికి పోతోందో చూస్తే ఆ ఒక్క పల్లె దగ్గర ఆయన చూపు ఆగిపోయింది.

“ఏమండీ, ఆ ఊళ్ళో వాల్యూమ్ కంట్రోళ్ళు కూర వండుకుంటారా?” అని నన్నడిగాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వక తప్పదు కాబట్టి. ఆయన మాత్రం నవ్వలేదు. కలిగిరి వైపు, కొండాపురం వైపు రేడియో కావాలని అడుగుతున్న ఊళ్ళు చాలా ఉన్నాయనీ, సరిగా వాడని చోట సెట్టు ఉంచనక్కర్లేదనీ అన్నాడు. “నేనే వచ్చి చూస్తాను. కారణం తెలియాలి. ఆపరేటర్ పాడుచేస్తుంటే తాళం వేరేవాళ్ళకిద్దాం. కారణమే తెలియకపోతే సెట్టు జీపులో వేసుకొచ్చేద్దాం” అని తేల్చాడు. ఆయన చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. కానీ ముసలాయన చెయ్యి మొలతాటి మీదికి పోయి ఆ తాళంచెవిని తడుముకునే తీరు నా కళ్ళ ముందు మెదిలింది. ఆ ఒక్కటీ ఊడబెరికితే ఆ మనిషికి సాయంత్రం అన్నది ఇంక ఎందుకు వస్తుంది?

గురువుగారికి మొరపెట్టుకున్నాను. ఆయన చచ్చిన కంట్రోల్ ఒకటి తీసుకుని గోటితో గీకి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆకువక్క నములుతున్న మనిషికి ఏ వాసన తెలుస్తుంది! మళ్ళీ నాకే ఇచ్చేశాడు.

“ఆ ఊరికి పోయేముందు నువ్వు ఏం చేస్తావురా?”

“కార్డు రాస్తాను, ఫలానా రోజు వస్తున్నానని. లేకపోతే ఆపరేటర్ ఊళ్ళో ఉండడు కదా.”

“పెళ్ళికొడుకు మాదిరి చెప్పి పోతే ఇల్లు అలికే ఉంటాదిరా. చెప్పకుండా పోయి చూడు.”

అలాగే చేశాను. ఉదయగిరిలో ఒక సెట్టు చూసుకుని, కట్టెల లారీ డ్రైవర్‌ని బతిమాలుకుని, ఆ పల్లె దగ్గర రోడ్డు మీద దిగాను. నేను ఊళ్ళోకి వెళ్ళేసరికి ఇంకా మంచి వెలుతురు ఉంది. రేడియోలో రైతుల కార్యక్రమం వస్తోంది, అరుగు మీదికి జనం ఇంకా చేరలేదు. ముసలాయన పెట్టె ముందు నిలబడి ఉన్నాడు. నేను అరుగెక్కి ఆయనకి ఎదురుగా నిలబడ్డాను. ఆయన నా వైపే చూశాడు.

“ఎవురది?” అన్నాడు.

నేను ఏదో అనబోయి ఆగిపోయాను. ఎప్పుడూ నేను అరుగు కింద ఉండగానే “రా నాయనా” అని పిలిచే మనిషి. ఎలా పిలిచేవాడో అప్పుడు అర్థమైంది. ఫలానా రోజు వస్తానని తెలుసు, నా సంచిలో పనిముట్ల చప్పుడు తెలుసు. ఆ రోజు ఉదయగిరి పని చిన్నదని ఒక్క స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని వచ్చాను.

అప్పుడే పెట్టెలోకి చూశాను. రేడియోకి మా నల్లటి మీట లేదు. దాని స్థానంలో ఎర్రగా నిగనిగలాడే కొయ్య మీట ఉంది. గరిటె కాడ చివర చెక్కే పువ్వులాంటి పనితనం. అంచు చుట్టూ గాట్లు, ఒకటి లోతుగా, ఒకటి పైపైన, రెండు జంటగా. చేతులు వణికేవాడు చెక్కిన గాట్లు కావవి.

“నేనే తాతా, రేడియో మెకానిక్‌ని” అన్నాను.

ఆయన చెయ్యి గబుక్కున మీట మీదికి పోయింది, దాచడానికి. తరవాత మెల్లగా కిందికి దిగింది. రేడియో ఆపి, అరుగు మీద కూలబడ్డాడు.

“ఎప్పటి నుంచి?” అని అడిగాను.

“రెండేండ్లు దాటినాది. ముందు గరిటె అంచు రెండుగా కనపడినాది. ఆనక అసలు అంచే లేదు. నెల్లూరుకి పోతే నరం ఎండిపోయినాదన్నారు. ఇప్పుడు వెలుగు ఉండాదా లేదా అని మాత్రం తెలస్తాది.” చుట్టూ ఎవరైనా ఉన్నారేమోనని చెవి పెట్టి విన్నాడు. “ఊళ్ళో ఎవురికీ తెలీదు నాయనా. గుడ్డోడి చేతిలో సర్కారు రేడియో ఎందుకంటారు. చెప్పబాక.”

“మరి ఈ మీట?”

“మీ మీట నున్నగా ఉండాది. ఎంత తిరిగినాదో వేలికి తెలీదు. అందుకని ఇది చెక్కుకున్యా.” మీట మీద నా వేలు పెట్టి తిప్పాడు. “ఈ లోతు గాటు వార్తలకి. ఈ జంట గాట్లు పాటలకి. పొలాల కాడి నుంచి జనం వచ్చేదాకా ఇక్కడ.”

“ఈ పైపై గాటు?”

“వీధిలో ఎవురింట్లోనన్నా చావు జరిగినప్పుడు. అరుగు మీద కూచున్నోళ్ళకి మాత్రం వినపడాల. అరుగు దాటకూడదు.”

నేను మెకానిక్‌ని. ప్రతి కంట్రోల్‌నీ కింది నుంచి పైదాకా పరీక్షించాను కానీ, ఊరికి ఎంత శబ్దం కావాలో కొలిచే పని ఒకటుందని నాకు తట్టనేలేదు. మీట చేతికి కొంచెం జిడ్డుగా తగిలింది. వేళ్ళు వాసన చూసుకున్నాను. వేరుశనగ నూనె.

“తాతా, దీనికి నూనె పెడతావా?”

“పెట్టక? కొయ్య కదా, ఈ ఎండలకి పగలదా? మా ఇంట్లో గరిటెకయినా అంతే. పొద్దున లేస్తానే ఒక చుక్క, చివర బెజ్జంలో ఇంకో చుక్క. మీరు వస్తారని కార్డు వచ్చినప్పుడు ఇది తీసి మీ మీటే పెడతాను. సర్కారు వస్తువుకి మన కొయ్య తగిలిస్తే మీకు మాటొస్తాదని.”

బల్లులు లేవు, చెమ్మ లేదు, గిట్టనివాళ్ళూ లేరు. మీటని ఇరుసుకి తొడిగే బెజ్జంలో వేసిన చుక్క ఆ ఇరుసు వెంట మెల్లగా లోపలికి పాకి, కార్బన్ పట్టీని తినేస్తోంది. ఈ సంగతి ఆయనకి చెప్పడం నాకు చాలా కష్టమైంది. చెప్పాను. ఆయన మీటని వేళ్ళతో తడిమాడు.

“నేనేనా చంపింది?” అన్నాడు. “కన్నబిడ్డ మాదిరి చూసుకున్యానే.”

ఆ మాట అంటూ ఏడ్చాడు. పెద్దవాళ్ళు ఏడిస్తే ఏం చెయ్యాలో ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పరు. నేను లోపల జిడ్డు వీలైనంత తుడిచి, ఊళ్ళో అడిగి తెచ్చిన సైకిల్ ట్యూబు ముక్క కత్తిరించి, నూనె లోపలికి దిగకుండా మీటకీ రేడియోకీ మధ్య ఇరుసుకి బిగించాను. నూనె మానేసి కొయ్యకి మైనం రుద్దుకోమన్నాను. ఆఫీసర్ వస్తున్నాడని చెప్పి, కారణం గోడ చెమ్మ అని చెబుతాననీ, ఆయన మాట్లాడకుండా ఊరుకుంటే చాలనీ చెప్పాను. ఆయన తలూపాడు. ఆ తలూపడం నాకు నచ్చలేదు, కానీ ఇంకో దారి తోచలేదు.

ఆఫీసర్ జీపు ఆ వారంలోనే వచ్చింది. ఎండాకాలం, పొద్దు కొండ వెనక్కి వాలుతున్న వేళ. జీపు చూసి ఊరంతా అరుగు దగ్గర చేరింది. టీ కొట్టు ఆమె పొయ్యి వదిలేసి మరీ వచ్చి నిలబడింది. నేను కొత్త కంట్రోల్ వేసి, మా నల్ల మీటే తగిలించి, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

ఆఫీసర్ పాత కంట్రోళ్ళు తెమ్మన్నాడు. తెచ్చాను. ఒకదాని మూత విప్పి, లోపలి జిగురు వేళ్ళ మధ్య రుద్దాడు. నన్ను చూశాడు.

“కారణం ఏమిటి?”

“గోడ చెమ్మ సార్.”

ఆయన ఆ వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. “ఈ ఊళ్ళో చెమ్మకి వేరుశనక్కాయల వాసన వస్తుందా?”

జనం గొల్లుమన్నారు. నా చెవులు వేడెక్కాయి. ఆయన నవ్వకుండానే అన్నాడు: “ఇది నూనె. ఎవరో పోస్తున్నారు. ఎవరో మీకు తెలుసు, చెప్పడం లేదు. అలాగైతే నాకు వేరే దారి లేదు. సెట్టు విప్పండి.”

నేను కదల్లేదు. విప్పితే ఊరికి రేడియో పోతుంది, చెబితే ముసలాయన పోతాడు. ఆఫీసర్ ఇంకోసారి “విప్పండి” అన్నాడు.

“విప్పబాక నాయనా.” ముసలాయన అరుగు చివర నుంచి లేచాడు. “నూనె పెట్టింది నేను సార్. ఆ పిల్లోడికి నా మింద జాలి, అందుకని అబద్ధం చెప్పినాడు. నాకు కండ్లు లేవు. వేలికి తెలియాలని కొయ్య మీట చెక్కుకున్యా, దానికి నూనె పెట్టినా. ఇంతకాలం ఊరిని మోసం చేసినా.” మొలతాడు నుంచి తాళంచెవి ఊడదీసి ముందుకు చాచాడు. ఆఫీసర్ నిలబడింది అటు కాదు, ఇటు. చెయ్యి గాల్లో అలాగే ఉంది.

ఊరు ఇప్పుడు ఏమంటుందోనని అందరి మొహాలూ చూశాను. టీ కొట్టు ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ ముందుకు వచ్చింది.

“మాకు తెలుసులే మామా” అంది.

ఆయన మొహం ఆ గొంతు వైపు తిరిగింది.

“కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయినా, ఈ కార్డు చదివి పెట్టమ్మా అని వస్తావు. నీకు కళ్ళజోడు యాడుండాది మామా? గ్లాసు తెచ్చి నీ వేలికి తగిలేట్టు ఎందుకు పెడతా ఉండాననుకున్యావు?”

గుంపులోంచి ఇంకొకాయన అందుకున్నాడు. “నీ ఇంటి నుంచి ఈడి దాకా దోవలో మేం మంచం ఏసుకుని ఎంత కాలమైనాదో! బర్రెల్ని పక్క వీధిలో కడతా ఉండాం. బండిని దోవలోకి నిలిపినానని మా నాయన నన్ను కొట్టినంత పని చేసినాడు.”

ముసలాయన సంతోషిస్తాడని అనుకున్నాను. నేనైతే సంతోషించేవాణ్ణేమో. ఆయన మొహం నల్లబడింది.

“అందరూ కలిసి నన్ను ఆటాడించినారా?” అన్నాడు. “ఎవురి చెయ్యీ పట్టుకోకుండా, కట్టె లేకుండా, నా అంతట నేను నడస్తా ఉండానని రోజూ దేవుడికి చెప్పుకుంటా ఉండా. నడిచింది నేను కాదన్నమాట. మీరు నడిపించినారు.”

“ఆట కాదు మామా...” అందామె. ఆఫీసర్ వైపు తిరిగింది. “సార్, ఈ తాళం ఇంకెవురికన్నా ఇచ్చి చూడండి. ఒకరు పెంచమంటారు, ఒకరు తగ్గించమంటారు, రోజూ తన్నులాటే. మా ఆయన పోయినప్పుడు రేడియో ఈ అరుగు దాటి నా ఇంటికి వినపళ్ళా. వినపడుంటే నేను తట్టుకునేదాన్ని కాదు. కొన్నాళ్ళకి నేనే వచ్చి, మామా, పాట కొంచెం పెంచు అని అడిగినా. అడిగేదాకా పెంచలా ఈయన.”

ఆఫీసర్ ఆ కొయ్య మీట చూపించమన్నాడు. పెట్టె మూలన గుడ్డలో చుట్టి ఉన్నదాన్ని నేనే తీసిచ్చాను. ఆయన అంచు మీద బొటనవేలు నడిపించి, ముసలాయన దగ్గరికి వెళ్ళి, ఏ గాటు దేనికని అడిగాడు. ముసలాయన ముక్తసరిగా చెప్పాడు. ఆఫీసర్ మా నల్ల మీట లాగేసి కొయ్యది తనే తగిలించాడు. కళ్ళు మూసుకుని రెండుసార్లు తిప్పాడు.

“కారణం తెలిసింది, మరమ్మతు అయింది. నేను వచ్చిన పని ఇదే” అన్నాడు నాతో. “తాళం ఎవరి దగ్గర ఉంటే బాగుంటుందో ఊరు చెప్పింది కదా.”

నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ ముసలాయన చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

“నాకొద్దు సార్. జాలికిచ్చిన తాళం నాకెందుకు?”

అప్పుడు అర్థమైంది నాకు, ఇక్కడ మరమ్మతు చెయ్యాల్సింది ఇంకొకటుందని. దానికి నా దగ్గర పనిముట్టు లేదు. ఆఫీసర్ దగ్గరా లేదు. వార్తల వేళవుతోంది. ఆత్మకూరు బస్సు రోడ్డు మీద హారన్ కొట్టుకుంటూ పోయింది. ఎప్పుడూ ఆ హారన్ వినగానే ఆయన లేచి మీటని వార్తల గాటుకి తిప్పేవాడట. ఆ రోజు ఊరంతా ఆ హారన్ విని, ఆయన వైపు చూస్తూ నిలబడిపోయింది. పెట్టె మీద చెయ్యి వెయ్యడానికి ఒక్కరు కూడా ముందుకు రాలేదు.

ఆయన దవడలు బిగుసుకోవడం, వదులవడం నేను చూస్తూనే ఉన్నాను. “వార్తలు పోతా ఉండాయి గదరా, ఎవురన్నా పెట్టండి” అన్నాడు.

ఎవరూ కదల్లేదు.

“చెవుల్లేవా మీకు?”

“మాకు చెవులుండాయి మామా. చెయ్యి నీది” అంది టీ కొట్టు ఆమె.

ఆయన తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుని, “అయితే నా మాట ఒకటి వినండి” అన్నాడు. “ఇంక నా దోవలో ఏదీ తియ్యబాకండి. ఎవురి మంచం వాళ్ళింటి ముందు ఏసుకోండి. బర్రెల్ని యాడ కట్టాలనో ఆడే కట్టండి. నేను కట్టె పట్టుకుంటా. తగిలితే తగలనీండి, పడితే పడనీండి. పడిన చోట లేస్తాను. అట్టయితేనే పెడతా.”

“అట్నే మామా” అన్నారు అందరూ, బడిపిల్లల్లాగా.

ఆయన గోడ తడుముకుంటూ వచ్చి, కొయ్య మీటని లోతు గాటు దగ్గరికి తిప్పాడు. గరగర లేదు. వార్తలు సగంలో ఉన్నాయి.

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలకి నేను చెప్పేది పెద్దగా ఏమీ లేదు. చెడిపోయిన చోట ఆగిపోకండి, దాని వెనక ఎవరి చెయ్యి ఉందో, ఆ చెయ్యి ఎందుకలా చేస్తోందో కనుక్కోండి. అది తెలిసినా సగం పనే అయినట్టు. మిగతా సగం మన చేతుల్లో ఉండదు. ఆ రోజు నేను చెప్పిన అబద్ధం కంటే ఆయన చెప్పిన నిజమే ఆ రేడియోని ఆ ఊళ్ళో నిలబెట్టింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు కొంచెం సిగ్గు, చాలా సంతోషం.

వార్తలయ్యాయి, పాటలయ్యాయి. ఆయన రేడియో ఆపి తాళం వేసుకున్నాడు. ఎవరో చేతికి ఒక కట్టె ఇచ్చారు. మా జీపు వీధి చివర ఉంది, మేమూ ఆయన వెనకే నడిచాం. చీకటి ఇంకా పూర్తిగా పడలేదు. కట్టె పట్టడం ఆయనకి కొత్త, ఒకవైపు తడుముతుంటే రెండోవైపు వదిలేస్తున్నాడు. నాలుగిళ్ళు దాటామో లేదో, ఫట్‌మని మోకాలు దేనికో తగిలింది. నేను ముందుకు ఉరకబోతే ఆఫీసర్ నా చొక్కా పట్టుకుని ఆపాడు.

“ఎవుర్రా దోవకడ్డంగా మంచం ఏసింది?” అని అరిచాడు ముసలాయన.

“నేనే మామా! నువ్వే గదా ఏసుకోమన్యావు!” అని ఇంట్లోంచి కేక.

ఆయన మోకాలు రుద్దుకున్నాడు. వంగి, తనకి తగిలిన మంచంకోడుని చేత్తో పట్టుకుని పైనుంచి కిందిదాకా నిదానంగా తడిమాడు.

“ఏసినావు సరే, ఈ కోడు చెక్కినోడెవుడురా? దుడ్డుకర్ర మాదిరి ఉండాది. నా కాడికి తీసుకురా రేపు, నేను చెక్కి ఇస్తాను.”

మర్నాడు ఆ మంచం నిజంగానే ఆయన ఇంటికి వెళ్ళిందట. ఆ వెనక ఇంకో మంచం, ఇంకో పీట. కళ్ళు పోయాక ఆ ఒక్క మీట చెక్కి మూలన పెట్టిన ఉలి మళ్ళీ చేతికొచ్చింది.